సంక్రాంతి మండువేసవిలో వచ్చు ద్వీపము

కోనసీమలో పుట్టి పెరిగిన ఉపాధ్యాయుడు తెలుగు బోధించుటకై మారిషస్ ద్వీపమునకు పోయినచో, తాను పరదేశమునకు వచ్చితినను తలంపు మొదటి వారములలో అతనికి కలుగుట కష్టము. కొబ్బరి కలదు, అరటి కలదు, పనస కలదు. ఎటు నడచినను కొంత దూరములోనే సముద్రము ఎదురగును. గాలిలోని తేమకు బీరువాలోని పుస్తకములు బూజు పట్టుట రాజోలులో ఎట్లో అక్కడను అట్లే. బజారులో చెల్లు నాణెము పేరు రూపాయి. బండ్లు రోడ్డుకు ఎడమ ప్రక్కనే నడచును. గడియారము మనకంటె గంటన్నర మాత్రమే వెనుకబడి యుండును. ఏ తెలుగువారి మందిరమునకో పోయినచో గోవిందనామ స్మరణ వీనులకు సోకును. ఇన్ని సాదృశ్యములను చూచి, మన అమలాపురమే కడలి దాటి వచ్చి యిక్కడ వెలసినదని మురిసిపోని కోనసీమవాడు ఉండడు. నేనును మురిసితిని. అయితే అక్కడ తెలుగు బోధించిన కాలములో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినవి, పరిచితములవలె కనబడుచు పరిచితములు కాని విషయములే. ఇకముందు ఆ ఉద్యోగమునకు పోనున్న యువకుల కొరకు వానిని వ్రాయుచున్నాను.

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణమున 20 డిగ్రీల అక్షాంశము చెంత నున్నది. మన కోనసీమ ఉత్తరమున 16, 17 డిగ్రీల నడుమ నున్నది. రెండును ఉష్ణమండలములోనివే, అయినను ఒకచోటి ఋతుక్రమము మరొకచోట తలక్రిందులై యుండును. జనవరి, ఫిబ్రవరులు అక్కడ మండువేసవి. వానలును తుఫానులును ఆ నెలలలోనివే. జూలై, ఆగస్టులు శీతకాలము. వైశాఖ జ్యేష్ఠములలో మన ఊళ్ళలో ఎఱ్ఱగా పూచు తురాయి చెట్టు, అక్కడ క్రిస్మస్ పండుగ నాటికి పూయును. మామిడిపండ్లు సంవత్సరాంతమున బజారుకు వచ్చును. సంవత్సరములో అధికభాగము మధ్యాహ్న సూర్యుడు ఉత్తరపు వైపున నిలుచుటచే, చలికాలపు నీరెండ కొరకు ఇంటి దక్షిణపు వసారాలో కుర్చీ వేసికొని కూర్చుండు అలవాటు గల మనవాడు ఉత్తరపు వసారాకు మారవలసి వచ్చును. రాత్రి ఆకాశము మరింత విచిత్రము. ధ్రువ నక్షత్రము అక్కడ ఎన్నడును ఉదయింపదు. పెండ్లిలో పురోహితుడు చూపవలసిన అరుంధతి, ఉత్తర దిక్కున నేలకు చేరువగా, చెట్లకొమ్మల వెనుక దాగియుండును. మన యింటి డాబా మీదినుండి దక్షిణపు కొసన పొంచి చూచు అగస్త్యుడు మాత్రము అక్కడ ఆకాశమున చాల ఎత్తునకు వచ్చి దేదీప్యమానుడై వెలుగును. వింధ్యను దాటి దక్షిణమునకు పోయిన మహర్షి కథను ఆ నక్షత్రము క్రింద నిలిచి పిల్లలకు చెప్పుటలో గల ఆనందమును నేను మన దేశములో ఎన్నడును ఎరుగను.

ఈ విపర్యయము తరగతి గదిలో పడినప్పుడే దాని అసలు బలము తెలియును. అక్కడి విద్యాసంవత్సరము జనవరిలో ఆరంభమగును. కావున తెలుగు పంతులు బోధింపవలసిన తొలి పండుగ సంక్రాంతియే. పుష్యమాసపు చలియు, మంచు కప్పిన వరిచేలును, కళ్ళము నుండి ఇంటికి చేరు ధాన్యమును, తెల్లవారుజామున భోగిమంట చుట్టును చేరి చేతులు కాచికొను పిల్లలును గల మన పాఠమును, చొక్కాలు చెమటతో తడిసి, కిటికీలన్నియు బార్లా తెరచికొని కూర్చున్న చిన్నవారి యెదుట చదువవలెను. కనుమనాడు మన జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రులు ప్రభలపై విచ్చేయుటయు, ఆ ప్రభలను భుజముల మీద మోయుచు మనవారు కౌశిక ఏటిని దాటించుటయు నేను వర్ణించుచుండగా వారు నోళ్ళు తెరచి వినిరి. భోగిమంట వద్దకు వచ్చుసరికి ఒక బాలిక లేచి, ఇంత ఎండలో మంట ఎందుకు వేసెదరని అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము పంచాంగములో లేదు, భూగోళశాస్త్రములో నున్నది. మకర సంక్రమణమున సూర్యుడు మనవైపు తిరుగునని చిన్ననాటినుండి వినుచు వచ్చినవాడను, ఆ దినము నుండి సూర్యుడు మిమ్ములను విడిచి మా ఊరివైపు పయనమగునని ఆ పిల్లలకు చెప్పితిని. గోళమును త్రిప్పి చూపగా వారికి కలిగిన సంతోషము ఇంతంత కాదు. మా సూర్యుని మీరు తీసికొనిపోవుచున్నారా అని కొందరు వాదమునకు దిగిరి. ఉగాది సంగతియు ఇంతే. చైత్రము అక్కడ వేసవి తగ్గు కాలము. కోకిల, చిగురు, కొత్త మామిడిపిందె మొదలైన మన వసంతవర్ణనలలో ఒక్కటియు కిటికీ బయట కనబడదు. అయినను ఉగాది ఆ దేశమునకంతకును ప్రభుత్వ సెలవు దినము. ఆ దినమున ఆఫ్రికా సంతతివారి పిల్లలకును, చీనా వర్తకుల పిల్లలకును, ముస్లిముల పిల్లలకును మన చాంద్రమాన సంవత్సరాది కారణముగా బడి లేదు. ఇట్టి గౌరవము మన పండుగకు సముద్రముల కావల ఒక దేశములో దక్కినదని కోనసీమలో ఎందరికి తెలియును?

ఆ గౌరవము ఊరక రాలేదు. దానికి వెనుక నున్న కథ మన గుమ్మము ముందే ఆరంభమైనది. గౌతమి కావలి ఒడ్డున, యానాము దాపున, కోరంగి యను రేవు ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కియుండెను. 1789లోను 1839లోను వచ్చిన తుఫానులకు ఉప్పెన పొంగి ఆ పట్టణము నాశనమయ్యెను. రెండవ దెబ్బ తరువాత దాని వైభవము మరల కుదుటపడలేదు. ఆంగ్లేయులు 1810లో ఫ్రెంచివారినుండి మారిషస్ ద్వీపమును గెలుచుకొనిరి. 1835లో అక్కడ బానిసత్వము రద్దయ్యెను. చెఱకుతోటలకు కూలీలు కావలసి 1834 నుండియే భారతదేశమునుండి ఒప్పందపు కూలీలను ఓడలెక్కించుట మొదలయ్యెను. 1840ల నాటికి కోరంగి, విశాఖపట్టణము మొదలగు మన రేవులనుండి తెలుగువారును పోవజొచ్చిరి. అందుచేతనే ఆ ద్వీపములోను, బర్మాలోను తెలుగువారిని చాలకాలము కోరంగీలని పిలిచిరి.

ఈనాడు కొబ్బరితోటలతో, వరిచేలతో కలకలలాడు గోదావరి మండలమునుండి కూలికై సముద్రము దాటిపోవలసిన అగత్యమేమి యని సందేహము కలుగవచ్చును. ఆ ఓడలు బయలుదేరుటకు పూర్వము, 1832-33లో నందన నామ సంవత్సరపు కరవు వచ్చి తీరాంధ్రమును మాడ్చివేసినది. దవళేశ్వరము వద్ద ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. కాలువలలోనికి నీరు రాకమునుపే తొలి ఓడలు వెడలిపోయినవి. ఇంకొక పది పన్నెండేండ్లు గోదావరి నీటికై వేచియుండగలిగిన కుటుంబములు ఇక్కడ రైతులైనవి. వేచియుండలేనివి అక్కడ చెఱకు కూలీలైనవి. నా విద్యార్థుల ముఖములను చూచినప్పుడెల్ల ఈ యోచన నన్ను వదలలేదు.

ఆ తొలి కూలీల శ్రమను కనులారా చూడగోరువారు ఆ దేశపు చెఱకుతోటలకు పోవలెను. ద్వీపమంతయు అగ్నిపర్వతము నుండి పుట్టినది, నేలనిండ నల్లరాళ్ళు. ఇంటి పునాదికి ఒక్క రాయి కావలెనన్నను కోనసీమలో ఏటి కావలినుండి తెప్పించుకొనవలసినదే. అట్టి ఒండ్రునేల నుండి వచ్చిన మనవారు, వారితోపాటు బీహారు, మహారాష్ట్ర, తమిళదేశములనుండి వచ్చినవారు, ఆ రాళ్ళను చేతులతో పెకలించి చేనిలో కుప్పలుగా పేర్చిరి. ఆ రాతికుప్పలు ఇప్పటికిని అక్కడక్కడ చెఱకు నడుమ ఎత్తుగా నిలిచియున్నవి. రాజధాని పోర్ట్ లూయీలో, 1849లో కట్టిన కూలీల డిపో శిథిలములున్నవి. ఆప్రవాసీ ఘాట్ అను పేర దానిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించినది. ఇంచుమించు ఐదు లక్షలమంది ఆ డిపో ద్వారా దేశములోనికి గాని, అచ్చటినుండి ఇతర దేశములకు గాని పోయిరి. కొత్తగా ఉద్యోగములో చేరు తెలుగు పంతులు తన మొదటి సెలవుదినమున చేయవలసిన యాత్ర అదియే యని నా నిశ్చితాభిప్రాయము. సముద్రతీరపు షికార్లకు తరువాత చాలినంత కాలముండును.

ఇక భాష సంగతి. ఇంటిలోను వీధిలోను వారు మాటలాడునది క్రియోల్. వార్తాపత్రికలు ఫ్రెంచిలో నుండును. కచేరీలును పాఠ్యపుస్తకములును ఇంగ్లీషులో నడచును. బాలుడు తెలుగు అక్షరములు దిద్దునాటికే మూడు భాషల బరువు అతని భుజముల మీద నుండును. ప్రాథమిక పాఠశాలలలో హిందీ, ఉర్దూ, తమిళము, మరాఠీ, చీనా భాషలవలె తెలుగును ఐచ్ఛిక విషయము. నాలుగవ భాషగా వచ్చు దానిని మాతృభాష యని పేర్కొని, మాతృభాష రాదాయని గద్దించుట వంటి అన్యాయము మరొకటి లేదు. అన్య భాషను నేర్పు పద్ధతిలో, పాటతో, ఆటతో, బొమ్మతో, చిన్నచిన్న వాక్యములతో మొదలిడవలెను. మన బి.ఇడి. శిక్షణలో తెలుగు వచ్చిన పిల్లలకు తెలుగు చెప్పుట నేర్పుదురే గాని, తెలుగు రాని పిల్లలకు చెప్పుట నేర్పరు. ఈ లోపము ఇక్కడనే సవరింపబడవలెను.

అయితే తెలుగు వారికి కేవలము బడి విషయము కాదు. రామభజనములలోను, అమ్మవారి పూజలలోను, సింహాద్రి అప్పన్న కొలువులోను తరతరములుగా వారు పాడుకొను పాటలు తెలుగువే. తెలుగులో కుశలప్రశ్న కూడ అడుగజాలని ముదుసలులు, కన్నులు మూసికొని గంటల తరబడి తెలుగు కీర్తనలు పాడుదురు. కొత్తగా వచ్చిన పండితులు కొందరు ఆ పాటలలో మాటలు మారినవనియు, ఛందస్సు చెడినదనియు తొందరపడి దిద్దబోవుదురు. అది తగదు. బడులు లేని కాలములో, పండితుడు తొంగిచూడని కాలములో, పగలెల్ల చెఱకు నరికి వచ్చిన చేతులతో తాళము వేయుచు ఆ పాటలను కాపాడినవారు వారే. పంతులు మొదట వారి ప్రక్కన చాపమీద కూర్చుండి, తాళము వేయుట నేర్చుకొనవలెను. అటు పిమ్మట ఆ ఊరి పిల్లలు తెలుగు తరగతికి వచ్చుటలో చూపు ఉత్సాహము తానే గమనించును. అవ్వ పాడు పాటలోని అర్థము తమకు తెలియుచున్నదన్న సంతోషమే వారికి మొదటి బహుమానము.

విద్య యెడ ఆ ప్రజలకు గల ఆసక్తికి చరిత్ర కలదు. 1901లో దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు వచ్చుచు గాంధీజీ ఆ ద్వీపములో కొన్నాళ్ళు ఆగి, పిల్లలను చదివింపుడని అక్కడి భారతీయులకు బోధించెను; ఆయన ప్రోత్సాహముతో 1907లో న్యాయవాది మణిలాల్ డాక్టర్ అక్కడికి పోయి కూలీల పక్షమున పోరాడెను. తెలుగువారు 1947లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. 1968 మార్చి 12న దేశము స్వతంత్రమయ్యెను. 1970లో ఇందిరాగాంధీ మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థకు శంకుస్థాపన చేసెను. అక్కడ తెలుగు శాఖ కలదు, ఉపాధ్యాయులకు శిక్షణ కలదు. 1975లో హైదరాబాదులోను, 1981లో కౌలాలంపూరులోను జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు మూడవ పర్యాయము 1990లో ఆ దేశములోనే జరిగినవి.

కాపురము పెట్టుటకు సంబంధించిన నాలుగు మాటలును చెప్పవలెను. ఉష్ణదేశమని విని ఉన్నిదుస్తులు లేకుండ పోయినవాడు, నడుమ పీఠభూమి మీది క్యూర్‌పిప్ వంటి ఊళ్ళలో జూలై నెలలో చలికి వణకుట తథ్యము. ఆ ప్రాంతమున ముసురు కూడ విడువదు. ఉదయమున రొట్టె తినుటకును, వీధి బండి వద్ద వేడివేడి దాల్ పూరీకై వరుసలో నిలుచుటకును అలవాటు పడుటకు ఆట్టే దినములు పట్టవు. మాటకు ముందొకసారి, వెనుకొకసారి "ఆయ్" అను గోదావరి పలుకు చెవిని పడకపోవుటకు మాత్రము నేను చివరి దినము వరకును అలవాటు పడలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడు మా మేనమామ "ఆయ్, కులాసానే నాన్నా, నువ్వెలా ఉన్నావు?" అనినచో, ఆ వారమంతయు అదియే పెన్నిధి.

తుఫాను వచ్చినప్పుడు మాత్రము మనవాడికి ఎవరును ఏమియు నేర్పనక్కరలేదు. అక్కడ హెచ్చరికలు నాలుగు స్థాయిలుగా వెలువడును. వానిని బట్టి బడులు మూయుదురు, కిటికీలకు చెక్కలు బిగింతురు, నీళ్ళు పట్టి యుంచుకొందురు. 1960 ఫిబ్రవరిలో వచ్చిన కరోల్ తుఫాను వేలకొలది ఇండ్లను కూల్చిన పిమ్మట ఆ దేశము కాంక్రీటు కప్పులకు మారెను. 1996 నవంబరు 6వ తేది రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు మూలముతో నేలకూలిన సంగతిని నేను చెప్పగా, ఇరుగుపొరుగువారు తమ పెద్దలు చెప్పిన కరోల్ కథలను చెప్పిరి. మూసిన తలుపుల వెనుక, కొవ్వొత్తి వెలుగున జరిగిన ఆ సంభాషణలోనే నేను ఆ వీధివాడనైతిని.

ఇప్పుడు అక్కడి పిల్లలకు వాచకములు అక్కడనే తయారగుచున్నవి, వారిలోనుండియే ఉపాధ్యాయులు వచ్చుచున్నారు; ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. వారి సంక్రాంతి పాఠములో ఎండ యుండవలెను, వారి ఉగాది పాఠములో చెఱకు కోతకు ముందటి పచ్చదనము ఉండవలెను; దానిని మనకంటె వారే బాగుగ వ్రాయగలరు. మనము మాత్రమే చేయగల పని యొకటి మిగిలియున్నది. మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన కూలీల దస్తావేజులలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, గ్రామము వ్రాయబడియున్నవి. తెలుగెరుగని గుమాస్తా చెవికి వినబడినట్లు రోమను లిపిలో వ్రాసిన ఆ గ్రామనామములను పట్టుకొని మునిమనుమలు తమ ఊరు ఏదో తెలియక తికమకపడుచున్నారు. మన లంకల పేర్లు, పాలెముల పేర్లు, ఏటిలో కలిసిపోయి ఇప్పుడు పటములో లేని ఊళ్ళ పేర్లు, ఊరికొక్క తీరున మారు వాని ఉచ్చారణలు ఎరిగినవారు అమలాపురము, రాజోలు, కొత్తపేటలలోని మన బడిపంతుళ్ళు. పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు నలుగురైదుగురు కలిసి కూర్చుండి, ఆ జాబితాలను తెప్పించుకొని, మన పాత రెవిన్యూ గ్రామపటములను ప్రక్కన పెట్టుకొని ఈ పనికి పూనుకొనవలెనని నా ప్రార్థన. ఆ పనికి నేనును వచ్చి కూర్చుందును.