ఆదర్శము, మచ్చు, ఒరవడి: కొన్ని ఆంగ్ల విశేషణముల అర్థవిచారము

ఒక వర్గమునకు చెందిన పెక్కింటిలో ఒకదానిని వేఱుపఱిచి, 'ఆ వర్గమనగా ఇట్టిది' అని చూపుటకు ఆంగ్లమున అనేక విశేషణములు కలవు. టిపికల్, ఆర్కిటైపల్, క్విన్‌టెసెన్షియల్, క్లాసిక్, ఎగ్జెంప్లరీ, ఐడియల్ అనునవి వానిలో ముఖ్యములు. వీనిలో దేనికైనను 'ఆదర్శప్రాయము' అను మాటనే వాడు అలవాటు మన అనువాదములందును విమర్శలందును కాననగుచున్నది. ఇందువలన నష్టము శైలికి మాత్రమే కాదు, అర్థమునకును కలుగుచున్నది.

ఈ విశేషణములు రెండు ప్రశ్నలకు సమాధానములు. 'ఇది తన వర్గమునకు ఎంతవరకు ప్రతినిధి?' అనునది మొదటిది. 'ఇది ఎంతవరకు అనుసరింపదగినది?' అనునది రెండవది. మొదటిది స్వరూపకథనము, రెండవది గుణనిర్ణయము.

టిపికల్ అను పదమునకు మూలము గ్రీకు 'టుపోస్'. దెబ్బ యనియు, దెబ్బవలన పడిన ముద్ర యనియు దాని యర్థము. ఒక అచ్చునుండి వెలువడిన ముద్రలన్నియు ఒకే తీరున నుండును. కావున టిపికల్ అనగా జాతిసామాన్యమైన లక్షణములను కనబఱచునది. ఇందు మెప్పు లేదు. ఒక్కొకప్పుడు విసుగే కలదు. ఆలస్యము అలవాటైనవాడు మఱల ఆలస్యము చేసినపుడు ఆంగ్లేయుడు ఈ యొక్క మాటతో నిట్టూర్చును. ఈ 'టుపోస్'కు 'మొదలు' అను నర్థముగల 'ఆర్ఖే' చేరగా ఏర్పడిన ఆర్కిటైపల్ తొలి యచ్చును సూచించును. తక్కినవన్నియు దాని ప్రతిరూపములు.

క్విన్‌టెసెన్షియల్ అనుదానికి లాటినున 'పంచమసారము' మూలము. భూమి, జలము, వాయువు, అగ్ని అను నాలుగింటికి భిన్నమైన దివ్యతత్త్వమును అరిస్టాటిల్ అంగీకరించెను. తరువాతివారు దానిని ఐదవదిగా లెక్కించిరి. మన పంచభూతములలోని ఆకాశమును ఇది స్ఫురింపజేయును. మధ్యయుగమున రసవాదులు వస్తువులను బట్టీపట్టి ఈ సారమును వెలికి దీయ యత్నించిరి. కావున ఈ పదము సంఖ్యాబాహుళ్యమును గాక సాంద్రతను తెలుపును.

క్లాసిక్ చరిత్ర వేఱు. రోమునందు ప్రథమశ్రేణి పౌరులకు చెల్లిన ఈ పేరు, క్రీ.శ. 2వ శతాబ్దివాడైన ఔలుస్ గెల్లియుస్ గ్రంథమున ప్రమాణభూతుడైన రచయితకు అన్వయింపబడినది. ఇట్లు శ్రేష్ఠతావాచకమైన పదము క్రమముగా లక్షణసంపూర్ణతనుగూడ తెలుపసాగెను. చలి, జ్వరము, చెమట వరుసగా వచ్చిన మలేరియాను వైద్యులు క్లాసిక్ అందురు. దానిని 'ఆదర్శప్రాయమైన మలేరియా' యనుట రోగికిని వైద్యునికిని సమ్మతము కాదు.

ఎగ్జెంప్లరీ యనుదాని మూలార్థము 'వెలికి తీసినది', అనగా మన 'మచ్చు'. వాడుకలో నది అనుకరణీయతను సంతరించుకొన్నది. ఐడియల్ 'చూచు' అర్థముగల గ్రీకు ధాతువునుండి పుట్టినది. అద్దమని యర్థముగల మన 'ఆదర్శము' సైతము దృశ్ ధాతుజన్యమే. కావున ఈ రెంటికిని పొత్తు కుదురును. ఐనను టిపికల్ అనదగినది లోకమున నుండితీరవలయును. ఐడియల్ లోకమున లేకపోవచ్చును.

అమెరికా మనస్తత్వవేత్త ఎలినార్ రోష్ 1970 దశకమున చేసిన పరిశోధనలు ఈ వివేకమునకు తోడ్పడును. అచటి విద్యార్థుల దృష్టిలో రాబిన్ పక్షికి చక్కని ఉదాహరణము; పెంగ్విన్ కాదు. పెంగ్వినును పక్షియే, రాబిన్ దానికంటె మేలైనదనియు ఎవరును అనలేదు. ప్రాతినిధ్యమున తారతమ్యము కలదు. అది గుణతారతమ్యము కాదు.

మన సాహిత్యమున దీనికి గిరీశము నిదర్శనము. గురజాడవారి 'కన్యాశుల్కము' (1897, పునారచితము 1909) నందలి ఈ పాత్ర, సంస్కరణను పలుకుచు స్వార్థమును సాధించు అరకొర ఆంగ్లవిద్యావంతునకు ప్రతినిధి. టిపికల్ అనుటకు తగినవాడే. అతనిని 'ఆదర్శపాత్ర' యన్నచో నాటకమే తలక్రిందులగును.

తెలుగున మాటలకు కొదవ లేదు. టిపికల్‌కు 'ప్రాతినిధిక' మనియు, ఆర్కిటైపల్‌కు 'మూలరూప' మనియు, క్విన్‌టెసెన్షియల్‌కు 'సారభూత' మనియు వాడవచ్చును. క్లాసిక్ సందర్భమునుబట్టి 'ప్రామాణిక'మో 'లక్షణసంపూర్ణ'మో యగును. ఎగ్జెంప్లరీకి, బాలురు దిద్దుటకై గురువు వ్రాసియిచ్చు 'ఒరవడి'యు, 'మేలుబంతి'యు కలవు. 'ఆదర్శము'ను ఐడియల్‌కే విడుచుట మేలు. వర్ణించుట వేఱు, మెచ్చుట వేఱు అను భేదము మాటలో నిలిచినపుడే విమర్శలో నిలుచును.