వెన్నుపాము రక్తనాళ వైకల్యాల శస్త్రచికిత్సలో చిత్రీకరణ

వెన్నుపాము రక్తనాళ వైకల్యాలకు శస్త్రచికిత్స జరుగుతుండగానే రక్తప్రవాహాన్ని తెలుసుకొనుటకు కొన్ని చిత్రీకరణ పద్ధతులను వాడతారు. వీటిలో ముఖ్యమైనవి ఎక్స్-కిరణాలతో చేసే యాంజియోగ్రఫీ, ప్రతిదీప్తి రంజకంతో చేసే వీడియో యాంజియోగ్రఫీ, అతిధ్వనులతో చేసే డాప్లర్ పరీక్ష. ఏ నాళాన్ని మూయాలి, దేనిని కాపాడాలి అన్నది నిర్ధారించుకొనుటకు ఇవి శస్త్రవైద్యునికి తోడ్పడతాయి.

నేపథ్యం

సాధారణంగా ధమనులలోని రక్తం కేశనాళికల గుండా ప్రవహించి, పీడనం తగ్గిన తరువాత సిరలను చేరుతుంది. ధమని, సిర నేరుగా కలిసిపోతే దానిని ధమనీ-సిరా ఫిస్టులా అంటారు. వెన్నుపాము రక్తనాళ వైకల్యాలలో ఎక్కువగా కనిపించేది వరాశిక ఫిస్టులా. వరాశిక అనగా వెన్నుపామును కప్పి ఉండే మూడు పొరలలో అన్నిటికంటే వెలుపలిది. నరమూలం వద్ద ఈ పొరలోని చిన్న ధమని నుండి రక్తం ఒక సిరలో ప్రవేశించి, వెన్నుపాము సిరలలో పీడనాన్ని పెంచుతుంది. అందువలన వెన్నుపాము వాచి, కాళ్ళలో బలహీనత, తిమ్మిరి, మూత్రంపై అదుపు తప్పడం క్రమక్రమంగా కలుగుతాయి. ఈ వ్యాధి 50 ఏళ్ళు దాటిన పురుషులలో ఎక్కువ.

పూర్వం వెన్నుపాముపై ఉబ్బిన సిరలే వ్యాధి అని భావించి, వాటిని పొడవునా తొలగించేవారు. అయితే వెన్నుపాము నుండి రక్తం వెనుకకు పోయే దారులు కూడా అవే. 1977లో బ్రిటిష్ వైద్యులు కెండాల్, లోగ్ అసలు లోపం వరాశికలో ఉన్నదని, అక్కడినుండి వచ్చే సిరను వేరుచేస్తే చాలునని చూపారు. దీనితో శస్త్రచికిత్స చిన్నదయింది, కాని ఆ ఒక్క నాళాన్ని సరిగా గుర్తించడం కీలకమైంది.

గుర్తింపులో చిక్కు

మామూలు సిరలు నీలంగా ఉంటాయి. ధమనీ రక్తం చేరిన సిర ఎర్రబడి ధమనివలె కనిపిస్తుంది. కాబట్టి రంగునుబట్టి నిర్ణయించడం కష్టం. పొరపాటున వెన్నుపామును పోషించే ధమనిని మూస్తే పక్షవాతం రావచ్చు. ముఖ్యంగా వెన్నుపాము దిగువ భాగాన్ని పోషించే ఆడమ్‌కీవిచ్ ధమనిని కాపాడాలి. ఇది ఎక్కువమందిలో ఎడమవైపు ఉంటుంది.

పద్ధతులు

డిజిటల్ యాంజియోగ్రఫీ: ధమనిలోకి సన్నని గొట్టాన్ని పంపి, అయొడిన్ కలిగిన ద్రవాన్ని ఎక్కించి ఎక్స్-కిరణ చిత్రాలు తీస్తారు. ద్రవం ఎక్కించకముందు తీసిన చిత్రాన్ని వీటినుండి తీసివేస్తే ఎముకల నీడలు తొలగి, రక్తనాళాలు మాత్రం మిగులుతాయి. ప్రామాణికమైన పరీక్ష ఇదే. కాని రోగి బోర్లా పడుకొని ఉన్నందున తొడ ధమనిని చేరడం కష్టం. సమయం, వికిరణం కూడా ఎక్కువ.

ప్రతిదీప్తి వీడియో యాంజియోగ్రఫీ: ఇండోసయనిన్ గ్రీన్ అనే రంజకాన్ని సిరలోకి ఎక్కిస్తారు. ఇది సుమారు 800 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని గ్రహించి, అంతకంటే కొంచెం ఎక్కువ తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిని వెలువరిస్తుంది. కంటికి కనిపించని ఈ కాంతిని శస్త్రచికిత్సా సూక్ష్మదర్శినిలోని కెమెరా తెరపై చూపుతుంది. మొదట ధమనులు, వెంటనే ఫిస్టులా సిర, ఆ తరువాతనే మామూలు సిరలు వెలుగుతాయి. ఈ వరుసే గుర్తింపుకు ఆధారం. మెదడు రక్తనాళాల శస్త్రచికిత్సలో ఈ పద్ధతిని 2003లో ఆండ్రియాస్ రాబే బృందం వివరించింది. కాలేయం రంజకాన్ని త్వరగా తొలగిస్తుంది కనుక కొంత వ్యవధి తరువాత మళ్ళీ ఎక్కించవచ్చు.

డాప్లర్ పరీక్ష: సన్నని సాధనాన్ని నాళానికి ఆనిస్తే ప్రవాహం శబ్దంగా వినిపిస్తుంది. నాళాన్ని మూసిన తరువాత ఆ శబ్దం మారుతుంది లేదా ఆగిపోతుంది.

వాడే విధానం

అనుమానించిన సిరకు మొదట తాత్కాలికంగా క్లిప్ పెట్టి, మళ్ళీ రంజకాన్ని ఎక్కిస్తారు. ముందుగా వెలిగిన సిరలు ఈసారి ఆలస్యంగా వెలిగితే గుర్తింపు సరియైనదే. అప్పుడే ఆ సిరను శాశ్వతంగా మూసి, తెంచుతారు.

పరిమితులు

ప్రతిదీప్తి పద్ధతిలో సూక్ష్మదర్శిని కింద బయటపడిన నాళాలే కనిపిస్తాయి. ఎముక కింద, రక్తపు గడ్డ కింద, వెన్నుపాము లోతులో ఉన్నవి కనిపించవు. అందుచేత వైకల్యం పూర్తిగా తొలగినదో లేదో తెలుసుకొనుటకు శస్త్రచికిత్స తరువాత యాంజియోగ్రఫీ చేయడం పరిపాటి. ఫిస్టులా మిగిలిపోతే సిరలలో పీడనం తగ్గదు, కాళ్ళ బలహీనత మరల పెరగవచ్చు.