ఆటోనగర్‌లో హినో

బెజవాడ ఆటోనగర్ మేస్త్రులు 'హినో' అంటే జపాను లారీ అనుకోకండి. అది అశోక్ లేలాండ్ లారీయే, ఇంజిన్ డిజైను మాత్రం జపాను హినో కంపెనీది. 1980లలో ఆ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్న లేలాండ్, తమిళనాడులోని హోసూరులో ఈ ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్లను తయారుచేసింది. అంతకుముందు దాని బండ్లలో ఉన్నవి బ్రిటిష్ లేలాండ్ వంశపు ఇంజిన్లే.

సిలిండరు బోరు 104 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక 113. ఆరూ కలిపి 5,759 సీసీలు. ఆరింటినీ ఒకే వరసలో నిలబెట్టడంలోనే ఉంది గుట్టంతా. 1-6, 2-5, 3-4 పిస్టన్లు జంటలుగా లేస్తాయి. జంటకూ జంటకూ 120 డిగ్రీల ఎడం. ఒక జంట కుదుపును మిగతా రెండూ కొట్టేస్తాయి. అందుకే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కుండే వణుకు దీనికి ఉండదు.

ఇక జబ్బులంటారా, చాలావరకు వేడి తెచ్చిపెట్టేవే. కోతల రోజుల్లో వడ్ల దుమ్మూ, గడ్డి నలుసూ రేడియేటరు రెక్కల్లో దూరి గాలికి అడ్డం పడతాయి. లోపల పోసేదేమో దొరికిన బోరు నీళ్లు. సముద్రం దగ్గరపడేకొద్దీ వాటిలో ఉప్పెక్కువ. కాగినకొద్దీ ఆ లవణాలు గొట్టాల్లో పొర కడతాయి. చుట్టూ కాలవలున్న డెల్టాలో ఇంజిన్‌కి పనికొచ్చే నీళ్లే కరువు! కూలెంట్ డబ్బా ఖరీదు చూసి వెనకాడిన ఓనరు, తర్వాత సిలిండరు హెడ్డు పనికి అంతకు ఎన్నో రెట్లు కడతాడు.

వేడెక్కితే హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలుతుంది, మండిన వాయువు నీళ్ల దారి పడుతుంది. ఇది పట్టుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటరు మూత తీసి, స్టార్ట్ చేసి, మేస్త్రి నీళ్లలోకి చూస్తాడు. బుడగలు ఆగకుండా తన్నుకొస్తుంటే హెడ్డు దించాల్సిందే.

టర్బో ఉన్న బండికి ఇంకో గండం. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర. లోడుతో లాగి లాగి వచ్చి టక్కున ఆపేస్తే ఆయిల్ రాక నిలిచిపోతుంది, మిగిలింది ఆ వేడికి మాడి బొగ్గవుతుంది. రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమంటే మన డ్రైవర్లకు డీజిల్ దండగనిపిస్తుంది.

నీలిపొగ మొదలైతే ఆయిల్ మండుతున్నట్టు. రింగులు అరిగి ఇంజిన్ బోరుకొచ్చిందేమో చూసుకోవాలి. నల్లపొగయితే ముందు ఎయిర్ ఫిల్టరు దులపాలి, ఆ తర్వాతే నాజిళ్లూ, డీజిల్ పంపూ.

ఆ పంపుదే చివరి మలుపు. 2017లో బీఎస్-4 కాలుష్య నిబంధన దేశమంతటా వచ్చినప్పుడు కూడా లేలాండ్ పాత ఇన్‌లైన్ పంపును వదల్లేదు, పొగలో కొంత భాగాన్ని మళ్లీ సిలిండర్లలోకి తిప్పి గట్టెక్కింది. 2020 ఏప్రిల్లో బీఎస్-6 వచ్చాక నాజిల్ ఎప్పుడు తెరుచుకోవాలో కంప్యూటరే చెబుతోంది. కొత్త బండి షెడ్డుకొస్తే ముందు స్కానర్ తగిలిస్తారు. పాత హినోకి మాత్రం పానాల సెట్టు, చెవి బాగా పనిచేసే మేస్త్రి ఉంటే చాలు.