తొక్కిన పాదానికీ కదిలిన చక్రానికీ నడుమ

స్పోర్ట్స్ కారు అనగానే మనకు తోచేది వేగం. గంటకెన్ని కిలోమీటర్లు, ఎన్ని గుర్రాల బలం అన్న లెక్కలతోనే పత్రికలూ సరిపెడతాయి. కానీ అటువంటి కారును మలుపుల్లో నడిపేవాడికి కావలసిన లెక్క వేరు. కాలు కదిపితే ఎంతసేపటికి పలుకుతుంది? ఆ ఆలస్యం మహా అయితే సెకనులో ఒకటి రెండు పదోవంతులు. ఇంతోటిదానికి వ్యాసమెందుకు అనవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. పదోవంతు సెకనుకు 2.8 మీటర్లు! మలుపులో ఆ మాత్రం చాలు, రోడ్డు మీద ఉన్నవాడు గట్టు మీదికెక్కడానికి.

పూర్వపు కార్లలో యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజను దాకా ఒక ఉక్కు కేబుల్ ఉండేది. గాలి వెళ్ళే గొట్టంలో గుండ్రటి రేకు తలుపు ఒకటి ఉంటుంది. అదే థ్రాటిల్. తొక్కితే కేబుల్ లాగుతుంది, రేకు తెరుచుకుంటుంది, గాలి లోపలికి పోతుంది. పెట్రోలు ఇంజనులో బలాన్ని నిర్ణయించేది ముఖ్యంగా ఈ గాలే. పెట్రోలు దానికి తగిన కొలతలో వెంట వస్తుంది.

1987లో వచ్చిన బి.ఎం.డబ్ల్యు. వారి 12 సిలిండర్ల 750లో ఈ కేబుల్ పోయి కరెంటు వైరు వచ్చింది. 1997లో షెవ్రొలే కార్వెట్, తరువాత పోర్షె 911 అదే దారి పట్టాయి. మన రోడ్ల మీద తిరిగే కె.టి.ఎం. 390 డ్యూక్ మోటారు సైకిలుకు కూడా 2017 నుంచి ఇదే ఏర్పాటు. పెడల్ దగ్గర రెండు సెన్సార్లు ఉంటాయి. చాలా కార్లలో ఒకదాని వోల్టేజి రెండోదానికి సగం ఉండేటట్లు అమరుస్తారు. ఆ లెక్క తప్పిందంటే కంప్యూటరు అనుమానించి ఇంజను బలాన్ని తగ్గించేస్తుంది. లెక్క సరిపోతే, చిన్న మోటారు ఒకటి పళ్ళచక్రాల ద్వారా రేకును తిప్పుతుంది. కరెంటు పోతే స్ప్రింగు దానిని దాదాపు మూసేస్తుంది.

పూర్వం పాదం ఇచ్చేది ఆజ్ఞ, ఇప్పుడది విన్నపం. ఎంత టార్కు అడుగుతున్నాడు, ఇవ్వవచ్చునా, ఎంత త్వరగా ఇవ్వాలి అని కంప్యూటరు విచారిస్తుంది. ఈ విచారణ లెక్కకు పట్టే కాలం చాలా స్వల్పం. అసలు ఆలస్యం కావాలని పెట్టినది. గాలి ఒక్కసారిగా దూసుకొస్తే పెట్రోలు కొలత తప్పుతుంది, పొగ నిబంధనలు దెబ్బతింటాయి. పైగా గేర్ల పళ్ళ మధ్య కొంత సందు ఉంటుంది గదా, బలం ఒక్కపెట్టున వస్తే ఆ పళ్ళు టక్కున కొట్టుకుని కారు కుదుపుతుంది. అందుకని బలాన్ని మెత్తగా వదలమని కంపెనీ వారు ముందే రాసిపెడతారు. కొన్ని కార్లలో క్లచ్ తొక్కి కాలు తీసేసినా ఇంజను చుట్లు వెంటనే దిగవు. అదీ ఎక్కువగా పొగ నిబంధనల పుణ్యమే.

ఇక ప్రకృతి పెట్టే ఆలస్యం ఉండనే ఉంది. రేకు పూర్తిగా తెరుచుకోవడానికి సుమారు పదోవంతు సెకను. ఆ తరువాత రేకుకీ సిలిండర్లకీ నడుమ గొట్టం గాలితో నిండాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక ఆవృత్తికి రెండు చుట్లు కావాలి. నిమిషానికి 1000 చుట్ల దగ్గర అది 120 మిల్లీసెకన్లు, 6000 దగ్గర 20 మాత్రమే. ఒకే కారు కింద బద్ధకంగా, పైన చురుకుగా ఉండటానికి ఇదొక కారణం. టర్బో ఉంటే దాని చక్రం వేగం అందుకోవడం అదనం. 1975 నాటి పోర్షె 911 టర్బో ఆ ఆలస్యానికే పేరుపడింది. గొట్టంలో గాలి నిండే పని తగ్గించడానికి కొందరు సిలిండరుకొక రేకు పెట్టారు: 2000 నాటి బి.ఎం.డబ్ల్యు. ఎం3లో ఆరు, లెక్సస్ ఎల్.ఎఫ్.ఎ.లో పది. ఈ లెక్సస్ ఇంజను 0.6 సెకనులో 9000 చుట్లకు ఎక్కేది. ముల్లు దానిని అందుకోలేదని మీటరును తెర మీద బొమ్మగా చూపించారు!

అయితే ఆలస్యం వల్ల అసలు ప్రమాదమేమిటి? గీజరుకు దూరంగా ఉన్న స్నానాలగదిని తలచుకోండి. వేడినీళ్ళ పంపు తిప్పుతాం, చన్నీళ్ళే వస్తాయి. ఇంకా తిప్పుతాం. అప్పుడు ఒళ్ళు కాలుతుంది. గబుక్కున కట్టేస్తే మళ్ళీ చన్నీళ్ళు. మలుపులో డ్రైవరు చేసేదీ ఇదే. పలకలేదని ఇంకొంచెం తొక్కుతాడు, రెండు తొక్కుళ్ళ బలమూ కలిసి వస్తుంది, వెనక టైర్లు జారుతాయి. బెదిరి కాలు తీసేస్తే బరువు ముందుకు పడి వెనకభాగం ఇంకా విసురుతుంది. ఆలస్యం కొంచెం ఎక్కువైనా ఎప్పుడూ ఒకేలా ఉంటే పాదం అలవాటు పడుతుంది. గేరుకొకలా, చుట్లకొకలా ఉంటేనే చిక్కు.

ఇక్కడ కుర్రకారు డబ్బు తగలేస్తున్న వస్తువు గురించి ఒక మాట. పెడల్ దగ్గర తగిలించే చిన్న పెట్టెలు అమ్ముతున్నారు. కారు చురుకవుతుందని ప్రచారం. అవి చేసేదల్లా సెన్సారు చెప్పే అంకెను పెంచి చెప్పడం. మీరు 30 పాళ్ళు తొక్కితే 60 తొక్కాడని కంప్యూటరుకు చెబుతాయి. పెడల్ను నేలదాకా తొక్కి చూడండి, పెట్టె ఉన్నా లేకున్నా ఒకటే. నూటికి నూరు దాటి చెప్పేదేముంది? పైగా తడిరోడ్డు మీద సన్నగా తొక్కే నేర్పు కాస్తా పోతుంది. చాలా కార్లలోని స్పోర్ట్ బటను కూడా ప్రధానంగా ఇదే పని చేస్తుంది. కాకపోతే అది కంపెనీ వారి చేతిది గనక, మెత్తదనాన్ని కూడా కొంత తగ్గించగలదు.

వైరును నమ్మవచ్చునా అన్న ప్రశ్న 2009, 2010లలో టయోటా కార్ల విషయంలో అమెరికాలో పెద్ద ఎత్తున లేచింది. కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని ఫిర్యాదులు. నాసా ఇంజనీర్లు పరిశీలించి, అటువంటి ఘటనలకు కారణమని చెప్పదగ్గ ఎలక్ట్రానిక్ లోపం కనిపించలేదని 2011లో తేల్చారు. పెడల్ బిగుసుకోవడం, కింద పరిచిన మ్యాటు అడ్డుపడటం అప్పటికే బయటపడ్డ కారణాలు. 2013లో మాత్రం ఓక్లహోమాలో ఒక జ్యూరీ కంపెనీనే బాధ్యురాలిని చేసింది. బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కితే బ్రేకు మాటే చెల్లే ఏర్పాటు ఈ గొడవ దరిమిలా బాగా వ్యాపించింది.

విద్యుత్ కార్లలో గాలి లేదు, రేకు లేదు, టర్బో లేదు. మోటారు కొన్ని మిల్లీసెకన్లలోనే బలం ఇవ్వగలదు. అయినా అక్కడా కంప్యూటరు ఆ బలాన్ని కొంచెం ఆపి, మెల్లగా వదులుతుంది. గేర్ల పళ్ళ నడుమ సందు అక్కడా ఉంది మరి.