రిపేరు చేయించినా కూలెంట్ లీకేజీ ఆగలేదా? పాత ట్రక్కు యజమానులు డబ్బు ఎలా రాబట్టుకోవచ్చంటే..

పదేళ్లు దాటిన ట్రక్కు. రేడియేటర్ హోస్ పగిలిందని మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లారు. పైపు మార్చామన్నారు, డబ్బు తీసుకున్నారు. రెండు ట్రిప్పులు తిరిగేసరికి మళ్లీ అదే చోట కూలెంట్ కారింది, ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోయింది. వందల్లో తేలాల్సిన పని వేలల్లోకి వెళ్లింది. మెకానిక్‌ను అడిగితే ‘పాత బండి కదా, అలాగే ఉంటుంది’ అన్న సమాధానం వస్తుంది. బండి పాతదైనంత మాత్రాన రిపేరు నాసిరకంగా చేయొచ్చని ఏ చట్టమూ చెప్పదు. మీరు ఏం చేయొచ్చో, ఎక్కడ జాగ్రత్త పడాలో చూద్దాం.

ముందు ఇంజిన్‌ను కాపాడుకోండి

టెంపరేచర్ ముల్లు ఎరుపు గీత వైపు వెళ్తుంటే బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అని నడిపితే హెడ్ వంకర పోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత మీరు ఫిర్యాదు చేసినా, ‘వేడెక్కిందని తెలిసీ నడిపారు, తప్పు మీదే’ అని ఎదుటివాళ్లు వాదిస్తారు. ఆ వాదనకు బలం కూడా ఉంటుంది.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అస్సలు తీయొద్దు. లోపల నీరు ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒత్తిడి పోయి ఒక్కసారిగా మొహం మీదికి చిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, మందపాటి గుడ్డతో మెల్లగా తిప్పండి. కింద కారిన కూలెంట్‌ను అలా వదిలేయొద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. రుచి తియ్యగా ఉంటుంది. కుక్కలు, పిల్లులు నాకే ప్రమాదం ఉంది.

పని సరిగ్గా చేయలేదని ఎలా తెలుస్తుంది?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ లేదా క్యాబిన్ ఎత్తి ఇవి చూడండి:

- హోస్ మార్చామని చెప్పి పాతదాన్నే కోసి, మధ్యలో ఇనుప పైపు ముక్క పెట్టి అతికించారా?
- చీలిక మీద సైకిల్ ట్యూబు చుట్టడం, ఎమ్‌సీల్ పూయడం వంటివి చేశారా? దారిలో బండిని ఇంటికి చేర్చడానికి ఇవి పనికొస్తాయేమో గానీ, డబ్బు తీసుకుని చేసే రిపేరు కాదు.
- క్లిప్ మరీ బిగించడంతో రబ్బరు కోసుకుపోయిందా? లేక చేత్తో తిప్పితేనే కదిలేంత వదులుగా ఉందా?
- వేరే మోడల్ హోస్ వేయడంతో వంపు దగ్గర నలిగిందా? ఫ్యాన్‌కో, బెల్టుకో తగులుతోందా?
- కూలెంట్ పోసిన తర్వాత లోపలి గాలిని బయటకు తీశారా? గాలి చిక్కుకుంటే హోస్ బాగున్నా ఇంజిన్ వేడెక్కుతుంది.

ఒక విషయం గుర్తుంచుకోండి. లీకేజీ కొత్తగా వేసిన చోటే ఉందా, వేరే చోట ఉందా అన్నది కీలకం. పైహోస్ మారిస్తే కిందిహోస్ పగిలిందంటే అది మెకానిక్ తప్పు కాకపోవచ్చు. రేడియేటర్ మూత సరిగ్గా పనిచేయక ఒత్తిడి పెరిగినా, హెడ్ గ్యాస్కెట్ అప్పటికే పోయి ఉన్నా కొత్త హోస్ మీద భారం పడుతుంది. అందుకే నేరుగా నింద వేయకుండా ముందు కారణం తేల్చుకోవాలి.

మళ్లీ విప్పే ముందే ఆధారాలు

ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే. కోపంలో ఇంకో షెడ్డుకు తీసుకెళ్లి బాగు చేయించేస్తారు, పాత హోస్‌ను చెత్తలో పడేస్తారు. దాంతో నిరూపించడానికి ఏమీ మిగలదు.

విప్పకముందే ఫొటోలు, వీడియో తీయండి. నంబరు ప్లేటు, ఓడోమీటర్ రీడింగ్, లీకవుతున్న చోటు ఒకే వీడియోలో కనిపిస్తే మంచిది. తీసేసిన హోస్, క్లిప్‌లను కవర్‌లో వేసి దాచండి. రెండో మెకానిక్‌తో లోపం ఏమిటో, ఎందువల్ల వచ్చిందో షాపు లెటర్‌హెడ్ మీద రాయించి, తేదీ, సంతకం తీసుకోండి. కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఇచ్చే రిపోర్టయితే ఇంకా బలంగా ఉంటుంది.

బిల్లు ఇవ్వలేదా? యూపీఐ చెల్లింపు, వాట్సాప్ సందేశాలు, కాల్ రికార్డు వివరాలు భద్రపరచండి. సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార విధానాల్లో ఒకటిగా చేర్చింది. కాబట్టి బిల్లు లేకపోవడం మీ బలహీనత మాత్రమే కాదు, వాళ్ల తప్పు కూడా.

మొదట మెకానిక్‌కే అవకాశం ఇవ్వండి

లోపం ఏమిటి, మీరు ఏం కోరుతున్నారు, ఎన్ని రోజుల్లో అన్నది వాట్సాప్‌లో రాసి పంపండి. ఉచితంగా మళ్లీ చేయమనొచ్చు, లేదా డబ్బు వెనక్కి అడగొచ్చు. స్పందన లేకపోతే అదే విషయం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. లాయర్ నోటీసు తప్పనిసరి కాదు.

బండి ఇంకా షెడ్డులోనే ఉండి, డబ్బు కడితేనే ఇస్తామంటే? చేసిన పనికి కూలి అందేవరకు వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు భారత కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ కింద పనివాడికి ఉంది. అయితే ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసినప్పుడే ఆ హక్కు. గొడవతో రోజులు పోగొట్టుకునే బదులు, ‘అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని రాసి డబ్బు కట్టి బండి తెచ్చుకుని, తర్వాత ఫిర్యాదు చేయడం మేలు.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోవద్దు. సాధారణ మోటారు పాలసీల్లో మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు కవరేజీ ఉండదు.

అసలు మీరు ‘వినియోగదారు’ అవుతారా?

ట్రక్కు యజమానులకు ఇదే అసలు చిక్కు. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవారు చట్టం ప్రకారం వినియోగదారులు కారు. అయితే స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొని వాడుకునే వస్తువును వాణిజ్య ప్రయోజనంగా చూడకూడదని అదే చట్టం వివరణ ఇచ్చింది.

దీనిపై 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ట్రక్కునే ఉదాహరణగా తీసుకుంది. తానే నడుపుకోవడానికి ట్రక్కు కొన్నవాడు వినియోగదారుడేనని చెప్పింది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదని పేర్కొంది. కానీ బండిని పూర్తిగా ఇంకొకరే నడిపేలా కొంటే మాత్రం వర్తించదని తేల్చింది.

అంటే ఒకటే బండి ఉండి మీరే స్టీరింగ్ పట్టుకుంటే ఫిర్యాదులో ఆ మాట స్పష్టంగా రాయండి. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్సీ ప్రతులు జతచేయండి. నాలుగైదు బండ్లు, జీతానికి డ్రైవర్లు ఉంటే వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలవడం కష్టం. అప్పుడు సివిల్ కోర్టే దారి.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా?

మొదటి మెట్టు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 1915కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. 8800001915కు వాట్సాప్ చేసినా, ఉమంగ్ యాప్ ద్వారా పంపినా చాలు. ఇది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు. రెండు పక్షాల మధ్య రాజీ ప్రయత్నం చేస్తుంది. వీధి చివరి షెడ్డు కంటే కంపెనీ సర్వీస్ సెంటర్ల మీద దీని ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది.

అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఫోన్ నుంచే కేసు వేయొచ్చు.

- ఫీజు: సేవకు మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లెక్క చూసేది చెల్లించిన సొమ్మునే, అడిగే పరిహారాన్ని కాదు.
- గడువు: సమస్య తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లు.
- చోటు: మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో రిపేరు చేయించినా, మీరు ఖమ్మంలో ఉంటే అక్కడి కమిషన్‌కే వెళ్లొచ్చు.
- లాయర్: లేకపోయినా మీ కేసు మీరే వాదించుకోవచ్చు.
- కాలం: ఎదుటివారికి నోటీసు అందాక 3 నెలల్లో, పరీక్షలు అవసరమైతే 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

తీర్పు మీద అసంతృప్తి ఉంటే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆదేశాన్ని పాటించని పక్షానికి జైలు శిక్ష లేదా కనీసం రూ.25 వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఎంత అడగాలి?

ఉదాహరణకు మొదటి రిపేరుకు రూ.1,800, తర్వాత హెడ్ పనికి రూ.22,000, బండిని లాక్కొచ్చిన ఖర్చు రూ.3,000 అయ్యాయనుకుందాం. ఈ మూడింటికీ రసీదులు పెట్టండి. ఆగిపోయిన రోజుల కిరాయి అడగాలంటే, గత నెలల లోడింగ్ స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు చూపించి రోజుకు సగటున ఎంత వస్తుందో లెక్క కట్టాలి. ఆధారం లేకుండా లక్షలు కోరితే ఉన్న కేసు కూడా పలచబడుతుంది.

ఈసారి షెడ్డుకు వెళ్లినప్పుడు..

ఏ భాగం మారుస్తున్నారో, కొత్తదా పాతదా, ఎన్ని రోజుల హామీ ఇస్తున్నారో ఒక చీటీ మీద రాయించుకోండి. తీసేసిన పాత హోస్‌ను అడిగి తీసుకోండి. బండి తీసుకునే ముందు ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కనిచ్చి, ఆపి, అతుకుల దగ్గర తడి ఉందేమో చూడండి. పావుగంట పట్టే పని ఇది. ఆ తడి షెడ్డులోనే కనిపిస్తే హెల్ప్‌లైన్, కమిషన్ దాకా వెళ్లే పనే ఉండదు.