పాత పడవ కిటికీ కారుతోందా? సిలికాన్ పూసే ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి

వాన పడిన మర్నాడు పడవ క్యాబిన్‌లోకి దిగితే పరుపు తడిసి ఉంటుంది. కిటికీ కింది అంచున ఒక చుక్క వేలాడుతుంటుంది. పాత తెరచాప పడవ కొన్నవాళ్లకు ఇది మామూలే. అప్పుడు చాలామంది చేసే పని కూడా ఒకటే. సిలికాన్ ట్యూబు తెచ్చి ఫ్రేము చుట్టూ పూసేస్తారు. కొన్నాళ్లు ఆగుతుంది. ఆ తర్వాత మళ్లీ కారడం మొదలవుతుంది, ఈసారి ఇంకో మూల నుంచి.

1959లో న్యూయార్క్ బోట్ షోలో పియర్సన్ కంపెనీ 28 అడుగుల ట్రైటన్ పడవను చూపించిన తర్వాత అమెరికాలో ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవల తయారీ ఊపందుకుంది. 1970, 80 దశకాల్లో తయారైన పడవలు ఎన్నో ఇప్పటికీ నీళ్ల మీద తిరుగుతున్నాయి, చేతులు మారుతున్నాయి. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, తుప్పు పట్టదు. కానీ కిటికీలోని రబ్బరుకు, ప్లాస్టిక్‌కు, సీలెంట్‌కు అంత ఆయుష్షు ఉండదు. (హుస్సేన్ సాగర్‌లో పిల్లలు సెయిలింగ్ నేర్చుకునే చిన్న పడవలకు క్యాబినే ఉండదు కాబట్టి అక్కడ ఈ తలనొప్పి లేదు.)

తెరిచి మూసే కిటికీలో నీళ్లు రావడానికి మూడు దారులుంటాయి. కిటికీ మూసినప్పుడు నొక్కుకునే రబ్బరు గ్యాస్కెట్ ఒకటి. అద్దం ఫ్రేములో కూర్చున్న అతుకు రెండోది. ఫ్రేముకూ క్యాబిన్ గోడకూ మధ్య ఉన్న సందు మూడోది. మూడింటికీ రిపేరు వేరు వేరు. ఇంటి స్లాబు లీకేజీ లాంటిదే ఇది కూడా. మరక ఒక చోట కనిపిస్తుంది, పగులు ఇంకెక్కడో ఉంటుంది.

కనిపెట్టడానికి ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల పైపు చాలు. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోవాలి. ఇంకొకరు బయట నుంచి ముందు కింది అంచు మీద మెల్లగా నీళ్లు వదలాలి. కొన్ని నిమిషాలు ఆగి పక్కలకు, ఆఖరున పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే అంతా తడిసిపోయి ఏమీ తెలీదు. గ్యాస్కెట్ మీద అనుమానం ఉంటే అది నొక్కుకునే అంచుకు సుద్ద రాసి, కిటికీ మూసి తెరవాలి. రబ్బరు మీద గీత ఎక్కడ తెగిందో నీళ్లు అక్కడి నుంచే వస్తున్నాయి.

గ్యాస్కెట్ పోతే పని తేలికే. కుక్కర్ గ్యాస్కెట్ గట్టిపడితే ఎలా మారుస్తామో అలాగే. పాతది పీకి, గాడి శుభ్రం చేసి, అదే మందం ఉన్న కొత్త రబ్బరు పెట్టాలి. అతుకు పైవైపుకు రావాలి, ఎందుకంటే నీళ్లు నిలిచేది కింద. కారుతోంది కదా అని మరలు ఇంకా బిగిస్తే రబ్బరు శాశ్వతంగా చప్పబడిపోతుంది, ప్లాస్టిక్ ఫ్రేమైతే పగిలిపోతుంది కూడా.

అద్దం అంటున్నాం గానీ, చాలా పడవల్లో అది గాజు కాదు, యాక్రిలిక్. ఎండకు దాని మీద సన్నని పగుళ్లు వస్తాయి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వాడితే ఇంకా త్వరగా పాడవుతుంది. వేడికి యాక్రిలిక్ అల్యూమినియం కన్నా దాదాపు మూడు రెట్లు సాగుతుంది. అందుకే కొత్తది వేసేటప్పుడు చుట్టూ కాస్త సందు వదలాలి, స్క్రూ రంధ్రాలు కొంచెం పెద్దవిగా చేయాలి. పాలిసల్ఫైడ్ సీలెంట్ యాక్రిలిక్‌ను తినేస్తుంది కాబట్టి దాన్ని ఇక్కడ వాడకూడదు.

అసలు ఖర్చు దాగి ఉండేది మూడో చోట. క్యాబిన్ గోడ చాలా పడవల్లో శాండ్‌విచ్ లాంటిది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ప్లైవుడ్ గానీ తేలికైన బాల్సా చెక్క గానీ ఉంటుంది. ఫ్రేము వెనక నుంచి దిగిన నీళ్లు ఆ చెక్కలోకి పోతాయి. బయటికి చుక్క కూడా కనపడకుండా ఏళ్ల తరబడి కుళ్లుతుంది. స్క్రూడ్రైవర్ పిడితో గోడను తట్టి చూస్తే గట్టి చోట టక్కుమంటుంది, కుళ్లిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అమ్మేటప్పుడు సర్వేయర్ తేమ మీటరు పెడితే ఈ లెక్క అక్కడ తేలుతుంది, బేరం కూడా అక్కడే పడిపోతుంది. పైన సిలికాన్ పూసినవాళ్లు ఈ నీళ్లను ఆపినట్టు కాదు, లోపల మూతేసినట్టు.

కాబట్టి ఫ్రేము ఊడదీయాల్సిందే. కుళ్లిన చెక్కను తవ్వి తీసేయాలి. లోపల పూర్తిగా ఆరనివ్వాలి, దీనికి ఓపిక కావాలి. ఆ తర్వాత రంధ్రం అంచు చుట్టూ సుమారు సెంటీమీటరు లోతున చెక్కకు బదులు చిక్కటి ఎపాక్సీ నింపాలి. ఇకపై సీలెంట్ ఓడినా చెక్కకు నీళ్లు తగలవు. ఫ్రేము బిగించడానికి బ్యూటైల్ టేపు చాలామంది ఇష్టపడతారు. అది గట్టిపడదు, ఎప్పుడైనా విప్పొచ్చు. శాశ్వతంగా అతుక్కునే పాలీయురేతేన్ జిగురు వాడితే మాత్రం తర్వాత ఫ్రేము ఊడదీసేటప్పుడు గోడ పొరలు కూడా లేచి రావచ్చు.

ఫ్రేము వంకరపోయినా, పగిలినా, దానికి గ్యాస్కెట్లు దొరక్కపోయినా కొత్త కిటికీ కొనడమే నయం. అల్యూమినియం ఫ్రేములో స్టీలు స్క్రూల చుట్టూ తెల్ల పొడి గట్టిగా పేరుకుని లోహం తినేసి ఉన్నా అంతే. ఆర్డరిచ్చే ముందు రంధ్రం కొలతలు, మూలల గుండ్రం, గోడ మందం రాసుకోవాలి. రంధ్రాన్ని పెద్దది చేయడం రంపంతో అయ్యే పని. చిన్నది చేయాలంటే గోడే కట్టాలి.

ఒక్క జాగ్రత్త. కొన్ని పడవల్లో తెరిచే కిటికీలు క్యాబిన్‌కు కాకుండా పడవ పక్క గోడకే ఉంటాయి. గాలికి పడవ ఒరిగితే అవి నీళ్లలో మునుగుతాయి. ప్రయాణంలో వాటిని మూసి బిగించే ఉంచాలి, రిపేరు ఎంత బాగా చేసినా సరే.

బ్యూటైల్ టేపు నొక్కుకుంటూ కొన్ని రోజుల పాటు బయటికి వస్తూనే ఉంటుంది. రోజూ బోల్టులు కాస్త కాస్త బిగించి, వచ్చిన దాన్ని కోసేసి, ఆఖరున మళ్లీ అదే పైపుతో కింది నుంచి పైకి నీళ్లు కొట్టి చూడాలి.