మందుకు లొంగని శిలీంధ్రం

2021లో మన తెలంగాణను భయపెట్టిన నల్ల ఫంగసు మనిషి నుండి మనిషికి సోకదు. 2009లో జపానులో ఒక వృద్ధురాలి చెవి నుండి గుర్తింపబడిన ‘కాండిడా ఆరిస్’ అనే శిలీంధ్రం సోకుతుంది. మంచపు కమ్ములపై, పరికరాలపై వారాల తరబడి జీవించి, నర్సింగ్ హోములలో రోగి నుండి రోగికి వ్యాపిస్తుంది. ఫ్లూకొనజోల్‌కు తరచు లొంగదు. రక్తంలో చేరితే ప్రాణాపాయం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యంత ప్రమాదకర శిలీంధ్రాలలో చేర్చింది.

అయినను నివారణ సాధ్యమే. సోకిన రోగిని వేరు గదిలో ఉంచాలి. కొన్ని సాధారణ క్రిమిసంహారకాలు చాలవు గనుక క్లోరిన్ ద్రావణంతో తుడవాలి. రోగిని తాకక ముందు, తాకిన పిదప చేతులు శుభ్రపరచుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! జ్యోతినగర్, గోదావరిఖనిలలో జబ్బుపడిన పెద్దలను చూడబోయే మనకూ, వైద్యునికీ, గది తుడిచే ఆయాకూ ఈ చేతిశుభ్రత నియమం ఒక్కటే.